పాత కారును ఎలా గుర్తుపట్టాలి: బెజవాడ, గుంటూరు దారుల్లో తిరిగేవాళ్ల కోసం

పాత కారు కనపడగానే అందరి కళ్లూ ముందు గ్రిల్ మీదికి వెళ్తాయి, తర్వాత డిక్కీ మీద ఉన్న పేరు మీదికి. ఈ రెంటినీ నమ్మొద్దు. గ్రిల్ ఊడదీసి ఇంకోటి బిగించడం ఆటోనగర్‌లో అరపూట పని, పేరు పలక సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఆదివారం చీకటితో లేచి బ్యారేజీ దాటి తిరిగినందుకు నాకు వంటబట్టింది ఒక్కటే. షెడ్డులో తేలిగ్గా మార్చగలిగినవాటిని వదిలేసి, మార్చాలంటే కారు మొత్తం కోయాల్సి వచ్చేవాటిని చూడాలి. తలుపు ఎటు తెరుచుకుంటుంది, బానెట్ అతుకు ఎక్కడుంది, టాపు వంపు ఎలా దిగుతుంది, కింద ఛాసిస్ ఎలా ఉంది. ఈ నాలుగూ చూడటం అలవాటైతే, రోడ్డు మీద పోతూ పోతూ తాటాకు పాక కింద సగం కనపడుతున్న కారు ఏదో కూడా చెప్పేయొచ్చు.

ముందు మన దగ్గర ఏది అరుదో తెలియాలి

రోల్స్ రాయిస్ కోసం వెతికితే మన వైపు నిరాశే మిగులుతుంది. దశాబ్దాల పాటు దేశంలో కారు అంటే మూడు కంపెనీలే: ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. వీటిలో స్టాండర్డ్ మనకు దగ్గర, అందుకే వాళ్ల హెరాల్డ్ కార్లు దక్షిణాదిలో బాగానే తిరిగాయి. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో డాక్టర్లు, లాయర్లు, పొగాకు వ్యాపారులు, బెజవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసుల వాళ్లు, ఇంకా డెల్టా పల్లెల్లో మోతుబరులు, ఎక్కువగా వీళ్లే ఆ రోజుల్లో కారు కొన్నవాళ్లు. కాబట్టి ఇవాళ ఎక్కడ వెతకాలో కూడా ఆ ఇళ్లే చెబుతాయి.

అంబాసిడర్ అరుదు కాదు, 2014 దాకా తయారైంది. కానీ మొదటి మోడల్ అంబాసిడర్ చాలా అరుదు, దానికి ముందు 1954లో వచ్చిన ల్యాండ్‌మాస్టర్ ఇంకా అరుదు. ప్రీమియర్ వాళ్ల పద్మిని అక్కడక్కడా దొరుకుతుంది, అదే వాళ్లే తయారుచేసిన ఫియట్ 1950ల నాటి 1100 దొరికితే మీ అదృష్టం. హెరాల్డ్, దాని తర్వాత వచ్చిన గజెల్, 1985 నుంచి 1988 దాకా మాత్రమే వచ్చిన స్టాండర్డ్ 2000, బెంగళూరు సిపానీ వాళ్ల డాల్ఫిన్, 1986కి ముందు నాటి మారుతి, రెండో ప్రపంచ యుద్ధకాలపు జీపు. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ నిండా ఉన్నది ఈ పేర్లే. మీరూ అలాంటి పేజీ ఒకటి రాసుకుని బయల్దేరండి. ఏం వెతుకుతున్నామో తెలియకుండా తిరిగితే అన్నీ అంబాసిడర్లలాగే కనపడతాయి.

ఒక్కో కారునూ పట్టించే గుర్తులు

అంబాసిడర్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే కన్ను కుదిరేది దాని దగ్గరే. ఇది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన దేశపు రూపం. మొదటి మోడల్‌లో బానెట్ మీద పొడుగునా నాగలి చాళ్లలాంటి నొక్కులుంటాయి. 1962లో వచ్చిన మార్క్ 2కి జల్లెడలాంటి సన్న గడుల గ్రిల్, 1975 మార్క్ 3లో ఆ గడులు వెడల్పయ్యాయి, 1979 మార్క్ 4కి గ్రిల్ చిన్నదై గడులు పెద్దవయ్యాయి, పార్కింగ్ లైట్లు నలుపలకలుగా మారాయి. ఇదంతా పుస్తకం లెక్క. రోడ్డు మీద చూస్తే మార్క్ 4 మొహం పెట్టుకున్న మార్క్ 2 బండ్లు ఎన్నో, మొహం మార్చి పాతదని చెప్పేవి కొన్ని. అందుకే గ్రిల్, బానెట్, లోపలి డాష్‌బోర్డు మూడూ ఒకే కాలం మాట చెబుతున్నాయా లేదా చూడండి. డాష్‌బోర్డును ఎవరూ సరదాకు మార్చరు, కాబట్టి మూడింట్లో దానికే నేను ఎక్కువ విలువిస్తాను.

ల్యాండ్‌మాస్టర్‌ను అంబాసిడర్ అనుకుని దాటిపోయేవాళ్లే ఎక్కువ. పక్కనుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి మరి. వెనక్కి వెళ్లి మడ్‌గార్డుల చివర చూడండి. అంబాసిడర్‌కు అక్కడ చిన్న తోకలాగా పైకి లేచిన అంచు ఉంటుంది, ల్యాండ్‌మాస్టర్‌కు గుండ్రంగా కిందికి జారిపోతుంది, బానెట్ కూడా నున్నగా, చాళ్లు లేకుండా ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి కళ్లారా చూస్తే ఇక జన్మలో మర్చిపోరు. ల్యాండ్‌మాస్టర్ కన్నా ముందుది హిందుస్థాన్ 14, అది మోరిస్ మైనర్‌ను పెద్దది చేసినట్టుంటుంది. మన జిల్లాల్లో నేను ఇంతవరకు చూడలేదు, చూసిన రోజు పండగే నాకు.

ఫియట్ దగ్గర తలుపు చూడాలి. 1954లో వచ్చిన మొదటి తరం ఫియట్ 1100కి ముందు తలుపులు మామూలుగా తెరుచుకోవు, మధ్య స్తంభానికి కీలు ఉండి బీరువా తలుపులా వెనక్కి తెరుచుకుంటాయి. బొంబాయి వైపు దీన్ని డుక్కర్ ఫియట్ అంటారు, మరాఠీలో పంది అని, ఆ గుండ్రటి మొహం చూసి పెట్టిన పేరు. కీలు స్థానం మార్చడం ఏ టింకరింగ్ షెడ్డుకూ అయ్యే పని కాదు, కాబట్టి ఈ గుర్తు అబద్ధమాడదు. కారు మూసి ఉన్నా సరే, తలుపు హ్యాండిల్ ఏ అంచున ఉందో చూస్తే తెలిసిపోతుంది. 1964లో డిలైట్ వచ్చింది, 1972లో ప్రెసిడెంట్ అని పేరు మార్చారు, 1974 నుంచి పద్మిని. బయటి ఆకారం మూడింటిదీ ఒకటే, అందుకే పద్మిని అని రాసున్న ప్రతిదీ పద్మిని కాదు, డిలైట్ అని రాసున్నది డిలైట్ అనీ కాదు. ఇక్కడ కాగితాలు చూడక తప్పదు.

హెరాల్డ్ నాకు ప్రాణం. ఇటలీ డిజైనర్ మిఖెలోట్టి గీసిన కారు, 948 సీసీ ఇంజను, మద్రాసులో 1961 నుంచి పదేళ్లు తయారైంది. దీని బానెట్ ఒక్కటే లేవదు, మడ్‌గార్డులు, లైట్లతో సహా మొహం మొత్తం ముందుకు ఒరుగుతుంది. అలా ఎత్తితే ముందు చక్రాలు, ఇంజను అన్నీ బయటే, మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. బానెట్ మూసి ఉన్నప్పుడు ఎలా తెలుస్తుందంటే, మామూలు కారుకు బానెట్‌కూ మడ్‌గార్డుకూ మధ్య పైన గీత కనపడుతుంది, హెరాల్డ్‌కు ఆ గీత పైన ఉండదు. ఇంకో గుర్తు వెనక చక్రాలు. స్వింగ్ యాక్సిల్, అంటే ఒక్కో చక్రం విడిగా ఊగే ఇరుసు కాబట్టి జాకీ పెట్టి వెనక భాగం లేపితే రెండు చక్రాలూ పాదాలు లోపలికి మడిచినట్టు ఒంగుతాయి. మన మెకానిక్కులకూ ఓనర్లకూ ఆ యాక్సిల్ నచ్చలేదు, అందుకే తర్వాత వచ్చిన గజెల్‌కు మామూలు యాక్సిల్ వేశారు. తెనాలి దగ్గర ఒకసారి నేను గజెల్‌ను హెరాల్డ్ అని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను, రెండో సారి వెళ్లి ఒంగుని కింద చూస్తే గానీ తప్పు తెలియలేదు. అప్పట్నుంచి కింద చూడకుండా రాయడం మానేశాను.

జీపుల విషయంలో మోసం ఎక్కువ. యుద్ధకాలపు విల్లీస్, ఫోర్డ్ జీపులకు గ్రిల్‌లో తొమ్మిది చీలికలు, తర్వాతి సివిల్ జీపులకు ఏడు. ఈ సంగతి అందరికీ తెలుసు, కాబట్టే తొమ్మిది చీలికల రేకు కొట్టించి తగిలిస్తారు. మీరు ముందు హెడ్‌లైట్లు చూడండి. అసలు యుద్ధ జీపులో లైటు కీలు మీద తిరుగుతుంది, పైకి తిప్పితే రాత్రిపూట ఇంజను మీద వెలుగు పడుతుంది. తర్వాత నేల మీద పడుకుని రేడియేటర్ కింద ఛాసిస్‌కు అడ్డంగా ఉన్న కమ్మీ చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన తొట్టిలా నలుపలకగా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టారు, మట్టి తుడిస్తే అది కనపడినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఎత్తు బానెట్ ఉన్న మహీంద్రా సీజే-3బీ వేరు, అది మనకు పల్లెల్లో ఇంకా దొరుకుతుంది. చాలావాటికి పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ వేసుకున్నారు, దాన్ని తప్పుపట్టను, ఆ డీజిల్ వల్లే అవి ఇన్నాళ్లు పొలాల్లో బతికాయి.

మిగతావి త్వరగా చెప్తాను. కాంటెస్సా 1984లో వచ్చింది, వాక్స్‌హాల్ విక్టర్ ఆకారం, పొడవాటి డిక్కీ. ప్రీమియర్ 118ఎన్ఈ ఫియట్ 124 శరీరంలో నిస్సాన్ ఇంజను. స్టాండర్డ్ 2000 పైకి రోవర్ ఎస్‌డీ1, లోపల పాత వాన్‌గార్డ్ కాలం ఇంజను, అందుకే త్వరగా ఆగిపోయింది. డాల్ఫిన్‌కు రెండే తలుపులు, ఒళ్లంతా ఫైబర్, అయస్కాంతం పెట్టినా అంటుకోదు. తొలి మారుతి డిసెంబరు 1983లో రోడ్డెక్కింది, 796 సీసీ. 1986లో ఆకారం మారకముందు అది అగ్గిపెట్టెలా మూలలు తేలి ఉండేది. దీన్ని ఇప్పుడే కాపాడుకోవాలి, ఎందుకంటే మారుతే కదా అని తుక్కుకు వేసేస్తున్నారు.

నంబరు ప్లేటు చెప్పేది, చెప్పలేనిది

మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాక ఇప్పుడున్న పద్ధతి మొదలైంది. దానికి ముందు మన రాష్ట్రం ప్లేట్లు ఇంగ్లిష్ 'A' అక్షరంతో మొదలయ్యే మూడక్షరాలు, తర్వాత అంకెలు. 1953కు ముందు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి ఇంకా పాత బండ్ల మీద 'M'తో మొదలయ్యే నంబర్లు ఉండేవి. తర్వాత ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు, 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. మూడక్షరాల ప్లేటు కనపడితే ఆ కారు 1989కి ముందు రిజిస్టర్ అయిందని అర్థం, అంతవరకే. ఏపీ 16 ఉన్నంత మాత్రాన కొత్తదని కొట్టిపారేయకండి, వేరే రాష్ట్రం నుంచి వచ్చి నంబరు మార్చుకుని ఉండొచ్చు.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక సిరీస్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్నవాటికి ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. కానీ ఆ బండిని రోజూ తిరగడానికి వాడకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే బయటికి తీయాలి. వీఏ ప్లేటు కనపడితే ఆగి చూడండి, ఓనరు శ్రద్ధ ఉన్న మనిషని అనుకోవచ్చు.

కార్ల కలయికలకు ఎప్పుడు వెళ్లాలి, ఏం చేయాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే మన సీజన్. ఎండాకాలంలో బెజవాడ రోడ్డు మీదికి పాత కారు తీస్తే పెట్రోలు ఇంజను పక్కనుండే పంపులోనే ఆవిరైపోయి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఎవరైనా బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పుతూ కనపడితే కారణం అదే. వాళ్లకు ఒక నీళ్ల సీసా అందించండి, సగం పరిచయం అక్కడే అయిపోతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ 20 శాతం కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు త్వరగా పాడవుతున్నాయి, ఓనర్లకు ఆ టెన్షన్ కూడా తోడైంది.

కలయిక పొద్దున ఏడింటికి అంటే మీరు ఆరుంబావుకే ఉండండి. వరసలో పెట్టి తుడిచాక అన్ని కార్లూ ఒకేలా మెరుస్తాయి, అసలు సంగతి తెలిసేది అవి వస్తున్నప్పుడే. సెల్ఫ్ కొడితే స్టార్టయిందా, నెట్టాల్సి వచ్చిందా, గేరు స్టీరింగ్ పక్కన రాడ్డుతో వేస్తున్నారా కింద నేల మీదా, పొగ నల్లగా వస్తోందా నీలంగా వస్తోందా, ఇవన్నీ ఆ పది నిమిషాల్లోనే. తర్వాత ఒక్కో కారు చుట్టూ ఒకసారి దూరంగా తిరగండి, రెండోసారి దగ్గరగా. దూరం నుంచి టాపు వంపు, చక్రాల సైజు చూడాలి. అంబాసిడర్‌కు 15 అంగుళాల రిమ్ము, పద్మినికి 14, హెరాల్డ్‌కు 13. దగ్గరగా వచ్చాక అద్దాల మూలల్లో ఉండే కంపెనీ ముద్రలు చూడండి. అన్ని అద్దాలకూ ఒకే ముద్ర ఉంటే ఆ కారు పెద్ద దెబ్బ తినలేదని నమ్మొచ్చు. బంపర్ మధ్యలో, తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ దూర్చే బెజ్జం ఉందా, తలుపు కింద అంచున పుట్టీ ఉబ్బిందా, రబ్బరు బీడింగ్ మీద పెయింటు పడిందా. బీడింగ్ మీద పెయింటు పడిందంటే అద్దాలు విప్పకుండా హడావుడిగా రంగు వేశారన్నమాట.

పెళ్లి ఊరేగింపుల్లో కనపడే టాపులేని వింటేజ్ కార్ల గురించి ఒక మాట. మాఘమాసంలో గుంటూరులో రోజుకు మూడు కనపడతాయి. వాటిలో నేను దగ్గరగా చూసినవన్నీ జీపు ఛాసిస్ మీద కట్టించినవే. బాగా కట్టారు, పనివాళ్ల చేతి నైపుణ్యం మెచ్చుకోవాల్సిందే, కానీ అవి పాత కార్లు కావు. మడ్‌గార్డు మీద వేలితో కొడితే ఫైబర్ చప్పుడొస్తుంది, మీటర్లు చూస్తే ఏదో కొత్త కారువి.

బుడమేరు నీళ్లు చూసిన కార్లు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకు బెజవాడ సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి, వాటిలో పాతవీ ఉన్నాయి. పైకి రంగు వేసినా మూడు చోట్ల తెలిసిపోతుంది: స్పీడోమీటర్ అద్దం లోపల చెమ్మ, సీటు కింద స్ప్రింగుల తుప్పు, తలుపు లోపలి అంచున ఎండిన ఒండ్రు. బందరు, బాపట్ల వైపు కార్లకు ఉప్పుగాలి తుప్పు వేరుగా ఉంటుంది, అది కింద నుంచి కాదు, బీడింగుల వెంట, అతుకుల వెంట పొక్కులు పొక్కులుగా మొదలవుతుంది. ఇలాంటి కారు కనపడితే తీసిపారేయకండి, రాసిపెట్టుకోండి. అరుదైన మోడలైతే తుప్పు పట్టినా దాని భాగాలు ఇంకో కారును బతికిస్తాయి.

పల్లె దారుల్లో వేట

నేను తిరిగే దారులు మూడు. బ్యారేజీ దాటి ఉండవల్లి నుంచి కరకట్ట మీదుగా అమరావతి, అక్కణ్ణుంచి లాం మీదుగా గుంటూరు. రెండోది గుంటూరు, నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల. మూడోది బందరు రోడ్డు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, అక్కడ తిరిగి గుడివాడ. పామర్రు దగ్గరే నిమ్మకూరు, ఎన్టీఆర్ గారి ఊరు. ఆయన చైతన్యరథం కూడా ఒక పాత షెవర్లే వ్యానును మార్చి చేసిందే, కాబట్టి ఈ దారిలో పోతూ పాత బండ్ల గురించి మాట్లాడుకోకుండా ఉండలేం.

హైవే మీద ఏమీ దొరకదు. ఊళ్లోకి వెళ్లే పాత రోడ్డు పట్టండి, ముప్పై దాటకుండా నడపండి, నడిపేవాళ్లు రోడ్డే చూడాలి, వెతికే పని పక్క సీటువాళ్లది. పెంకుటింటి పక్కన వెడల్పాటి చెక్క తలుపుల గది, మూతబడ్డ రైస్‌మిల్లు షెడ్డు, పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ల పక్క పాకలు, గడ్డివాముల వెనక. నీలం పట్టా కింద ఎత్తు చూస్తే ట్రాక్టరా కారా తెలిసిపోతుంది.

ఏడాదిలో ఒక్క రోజు మాత్రం మీరు వెతకక్కర్లేదు, ఆయుధపూజ. ఏడాదంతా మూసి ఉన్న షెడ్డు తలుపులు ఆ పొద్దున తీస్తారు, కదలని కారునైనా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచుతారు. నా నోట్‌బుక్‌లో ఉన్న మంచి కార్లలో సగం దసరా రోజుల్లో చూసినవే.

కారు కన్నా ముందు మనిషి

గేటు బయట నుంచి ఫోన్‌తో ఫొటో తీసేయడం చాలా తప్పు. పిలిచి అడగండి. పొన్నూరు దగ్గర ఒక ఇంట్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయనను, "బాబాయ్ గారూ, ఆ కారు ఒకసారి దగ్గరగా చూడొచ్చాండీ?" అని అడిగాను. "చూడు బాబూ, చూస్తే ఏం పోతుంది. అమ్మేది మాత్రం లేదు, ముందే చెప్తున్నా" అన్నారు. "కొనడానికి కాదండీ, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూద్దామని" అన్నాను. ఆయన లేచి, లోపలికెళ్లి, తాళంచెవి తెచ్చి, తానే తీసి చూపించారు. వెనక్కి తెరుచుకుంది. తర్వాత గంటసేపు ఆ కారులో వాళ్ల అక్కను కాపురానికి పంపిన సంగతి చెప్పారు, మజ్జిగ ఇప్పించారు.

ధర అడగొద్దు, అడిగిన మరుక్షణం మీరు బేరగాడైపోతారు. తలుపు, బానెట్ మీరు ముట్టుకోవద్దు, వాళ్లనే తీయమనండి. అయస్కాంతం పెట్టాలంటే అడిగి, గుడ్డ చుట్టి పెట్టండి. ఫొటోలు పంపిస్తానని మాటిస్తే పంపించండి, పెద్దవాళ్లకైతే ప్రింటు తీసి ఇచ్చి రండి, రెండోసారి వెళ్లినప్పుడు షెడ్డులో ఇంకేముందో వాళ్లే చూపిస్తారు.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

తేదీ, ఊరు, మోడలు అని మీరనుకున్నది, ఎందుకలా అనుకున్నారో రెండు గుర్తులు, ఓనరు చెప్పిన సంవత్సరం, మీకు అనుమానం ఉన్న చోటు. ఓనరు ఒప్పుకుంటే బానెట్ లోపల ఉండే ఛాసిస్ పలక చూసి నంబరు రాసుకోండి, రిజిస్ట్రేషన్ కాగితం, అదే సీ బుక్కులో ఉన్నదానితో కలిసిందో లేదో కూడా. ఫొటోలు ఐదు చాలు: ముందు మూల నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, డాష్‌బోర్డు, ఇంజను. చలికాలం పొద్దున ఏడు ఏడున్నర మధ్య వెలుతురు మెత్తగా ఉంటుంది, రేకు మీది సొట్టలు కూడా బాగా కనపడతాయి.

ఆ ఛాసిస్ నంబరూ, ఊరి పేరూ, ఇల్లు గుర్తుపట్టేలా ఉన్న ఫొటోలూ ఎవరికీ పంపకండి. పాత కార్ల భాగాల కోసం తిరిగే బేరగాళ్లు ఎక్కువయ్యారు, మీరు పెట్టిన ఒక్క ఫొటోతో ఆ పెద్దాయన గేటు ముందు రోజూ ఎవరో ఒకరు నిలబడతారు. నేను నంబరు ప్లేటు చెరిపేసి, గుంటూరు జిల్లా అని మాత్రమే రాసి పెడతాను. ఆ ఫియట్ ఉన్న ఊరు ఏదో నా నోట్‌బుక్‌కు, నాకు, ఆ బాబాయ్ గారికి తెలుసు.